సెట్ అయిపోద్ది

1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ‘సెట్’. 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ. ఆ తర్వాత ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసిందట. పరుగెత్తేది కూర్చున్నదాన్ని దాటడంలో వింతేముంది? ఆ పండితులెవరూ నెల్లూరు మాత్రం వచ్చి ఉండరు. వచ్చి ట్రంకు రోడ్డు మీద ఒక్క పూట నిలబడితే 431వ అర్థం చేతికి దొరికేది.

చిల్లరవి ముందే పక్కన పెడతాను. పంపు సెట్టు, నగల సెట్టు, సినిమా సెట్టు వస్తువులు. వాటితో నాకు పేచీ లేదు. ఎంసెట్ సంగతి కాస్త వేరు. అందులోది ప్రవేశ పరీక్ష తాలూకు పొడి అక్షరాలే. 2021లో ప్రభుత్వం దాన్ని ఈఏపీసెట్ చేసినా, కోచింగుకు పేరుపడ్డ మా ఊళ్లో జనం నాలుక ఇంకా ఎంసెట్ దగ్గరే ఆగింది. పేరు ఏదైనా, ‘మావాడికి సెట్‌లో సెట్ కాలేదు’ అని ఒక తండ్రి నాతో అన్న మాటకు ఏ నిఘంటువులో చోటిస్తారో చూడాలి.

అసలు విషయం వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషులో తమంతట తాము సెట్ అయ్యేవి సిమెంటు, సూర్యుడు లాంటివి. (ఆ సూర్యుడు కూడా మా మైపాడులో సముద్రంలోంచి లేస్తాడే గాని అందులో సెట్ అవడు.) మనుషులు చేయాల్సిన పనులు వాటంతట అవే సెట్ అయిపోవడం మాత్రం పూర్తిగా మనం కనిపెట్టిందే. ‘సెట్ చేస్తాను’ అంటే కర్త ఉంటాడు, రేపు పట్టుకుని అడగొచ్చు. ‘సెట్ అయిపోద్ది’లో కర్త లేడు. క్రియ భవిష్యత్తుదే, కానీ ‘పో’ తగిలించడంతో పని పూర్తయిన తృప్తి ఇప్పుడే వచ్చేస్తుంది. ఇంత పొదుపైన మాటను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇదే నెల్లూరులో తిక్కన సోమయాజి భారతం 15 పర్వాలు రాశాడు. కీచకుడి విషయం సెట్ అయిపోద్దిలే అని భీముడి చేత ఒక్క పద్యంలోనూ అనిపించలేదు. పాపం, భీముడు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది.

పెళ్లి సంబంధాల్లో దీని మర్యాద చూడాలి. పిల్ల నచ్చలేదంటే తగువు. కట్నం చాల్లేదంటే కేసు. ‘మాకు సెట్ కాలేదండీ’ అంటే కాఫీ తాగి, చెప్పులేసుకుని, నవ్వుతూ వెళ్లిపోవచ్చు. తప్పు పిల్లది కాదు, పిల్లాడిది కాదు, ఎవరిదీ కాదు. తిథి వార నక్షత్రాలు మోయాల్సిన బరువంతా ఈ ఒక్క మాటే మోస్తోంది.

నా స్వానుభవం ఒకటుంది. మొన్న వేసవిలో మా బోరు మోటారు మూలిగి ఆగిపోయింది. మెకానిక్ వచ్చాడు, మూత విప్పాడు, లోపలికి చూసి పెదవి విరిచాడు. ‘వైండింగ్ పోయిందన్నా. ఏం టెన్షన్ పడబాక, రేపటికి సెట్ అయిపోద్ది’ అని మోటారును బండి వెనక కట్టుకుపోయాడు. ఆ ‘పో’ మహిమ వల్ల ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. రెండో రోజు ట్యాంకరు తెప్పించాం. మూడో రోజు పక్కింటివాళ్ల పైపు బతిమాలుకున్నాం. నాలుగో రోజు ఉగ్గబట్టుకుని ఫోన్ చేశాను.

‘ఏందబ్బయా, మోటారు సంగతి?’

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నిజమైన ఆశ్చర్యంతో, నా మీద జాలితో అడిగాడు.

‘ఇంకా సెట్ కాలేదా అన్నా?’