తక్‌పట్టీ చదివే ఇంటి పిల్లలకు అకౌంట్స్ రావంటారా?

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడిందంటే చాలు, ఒకే సందేశం నా ఫోనుకు పదిమంది నుంచి వస్తుంది. హన్మకొండలో నాతో కలిసి డిగ్రీ చదివిన మిత్రుడు, తన కూతురి గురించి కంగారుపడుతూ, నిన్న దానిని నాలుగోసారి పంపాడు. "బీకాం, బీబీఏ చదవనివారు ఎంబీఏలో చేరి జీవితం పాడుచేసుకోవద్దు" అని మొదలవుతుంది. అందులో ఐదు మాటలున్నాయి: ప్రవేశ పరీక్ష కామర్స్ వారికే అనుకూలం, మిగతావారు అకౌంట్స్ రాక మొదటి సెమిస్టర్‌లోనే తప్పుతారు, కంపెనీలు కామర్స్ డిగ్రీ ఉన్నవారినే తీసుకుంటాయి, తెలుగు మీడియం వారికి తరగతిలో ఒక్క ముక్క అర్థం కాదు, డిగ్రీ కాగానే చేరేకంటే రెండేళ్ళు ఉద్యోగం చేయడం మేలు. చివర ఒక ఫోన్ నంబరు, 45 రోజుల ఫౌండేషన్ కోర్సు, 18,000 రూపాయల ఫీజు. బీఎస్సీలో వృక్షశాస్త్రం చదివి, ఆ తర్వాత ఎంబీఏ చేసి, పన్నెండేళ్ళుగా అకౌంట్స్ పాఠం చెబుతున్న నేను దీనిని చూసి ఇక ఊరుకోలేను.

ప్రవేశ పరీక్ష సంగతి తేల్చడానికి ఎక్కువసేపు పట్టదు. తెలంగాణ ఐసెట్‌లోని 200 ప్రశ్నల్లో 75 విశ్లేషణ మీద, 75 గణితం మీద, 50 కమ్యూనికేషన్ మీద ఉంటాయి; ఆ యాభైలో కొన్ని వ్యాపార పదాలు వస్తాయి తప్ప జర్నల్ ఎంట్రీ (ఒక లావాదేవీని డెబిట్, క్రెడిట్‌లుగా నమోదు చేయడం) రాయమని ఎవరూ అడగరు. వరంగల్ ఎన్‌ఐటీలో ఎంబీఏ సీటుకు చూసే జాతీయ ప్రవేశ పరీక్ష క్యాట్‌లోనూ అకౌంట్స్ ఉండదు.

కంపెనీల గురించి చెప్పినది అంతకన్నా తేలిక మాట. ఐఐఎం తరగతుల్లో కూర్చునేవారిలో ఎక్కువమంది ఇంజనీర్లే. మందుల కంపెనీలు మార్కెటింగ్‌కు సైన్సు చదివినవారిని కోరుకుంటాయి. 1908లో హార్వర్డ్‌లో ఎంబీఏ మొదలైనదే ఇతర చదువులు చదివి వచ్చిన పట్టభద్రులకు వ్యాపార నిర్వహణ నేర్పడానికి. కామర్స్‌నే లోతుగా చదవాలనుకునేవారికి మన దగ్గర ఎంకాం వేరుగా ఉంది.

తెలుగు మీడియం గురించి రాసిన మాట నన్ను బాధపెట్టింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది, ఆ కొంత నిజంతోనే పిల్లల ధైర్యాన్ని చంపుతున్నారు. పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటి ఆరు నెలలు ఒక్కొక్క పేజీకి అరగంట పడుతుంది. కాని పరకాల వైపు నుంచి వచ్చి మొదటి సెమిస్టరంతా నోరు విప్పని ఒక బీఏ విద్యార్థిని, ప్రాజెక్టు కోసం విత్తనాల దుకాణాల ముందు నిలబడి, ఏ పత్తి గింజలు ఎందుకు కొంటున్నారో అరవై మంది రైతులను అడిగి రాసుకొచ్చింది. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే ఆమె తోటివారు దుకాణదారులతో మాత్రమే మాట్లాడి తిరిగి వచ్చారు. కొనేవాడి మనసు తెలుసుకోవడమే మార్కెటింగ్ అయినప్పుడు, ఆ తరగతిలో పాఠం ఎవరికి అర్థమైనట్టు?

ఐదో మాటను మాత్రం ఒప్పుకుంటాను. రెండేళ్ళు ఎక్కడైనా పనిచేసి వచ్చినవారు తరగతిలో ఇంకా బాగా నేర్చుకుంటారు; చేతిలో మంచి ఉద్యోగం ఉన్నవారిని వదులుకుని రమ్మని నేను కూడా చెప్పను. అయితే చదువు ఆగితే పెళ్ళి సంబంధాలు మొదలయ్యే ఇళ్ళలోని అమ్మాయిలకు ఆ సలహా వర్తించదు.

ఇక అకౌంట్స్. ఈ సందేశం మొత్తం నిలబడినది ఈ భయం మీదనే, 18,000 రూపాయలు వసూలయ్యేదీ దీనివల్లనే. మొదటి ఇంటర్నల్ పరీక్షలో బీఏ, బీఎస్సీ వారికి మార్కులు తగ్గే మాట నిజం. నా మొదటి పరీక్షలో ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమో కాదో చూసే పట్టిక) ఎంతకీ తేలక, పేపరు లాక్కునేదాకా కూర్చున్నాను. ఆ తప్పు వృక్షశాస్త్రానిది కాదు, జర్నల్, లెడ్జర్ (ఖాతాల పుస్తకం) అందరికీ వచ్చుననుకుని వాటిని రెండు గంటల్లో దాటించిన బోధనది.

మా తరగతిలో నేను తక్‌పట్టీతో, అంటే పంట అమ్మినప్పుడు మార్కెట్‌లో రైతుకు ఇచ్చే లెక్క చీటీతో మొదలుపెడతాను. ఏనుమాముల మార్కెట్‌లో నాన్న పది క్వింటాళ్ళ పత్తిని 7,000 చొప్పున అమ్మాడనుకుందాం. సరుకు విలువ 70,000. హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి కూలి), కమీషన్ కలిపి 2,100 కోత. అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) ఈరోజు 30,000 చేతికిచ్చి, మిగిలిన 37,900 వచ్చే వారం ఇస్తానన్నాడు. అమ్మకం 70,000 క్రెడిట్. చేతికొచ్చిన నగదు, అడ్తిదారు బాకీ, కోతలు ఈ మూడూ డెబిట్. ఈ మూడూ కూడితే సరిగ్గా 70,000, రెండు వైపులూ సమానం. తక్‌పట్టీ మడత విప్పి ఒక్కొక్క కోతా ఎందుకని నిలదీసే ఇంట్లో, అమ్మ మహిళా సంఘం అప్పుల పుస్తకం రాసే ఇంట్లో పెరిగిన పిల్లకు ఈ లెక్క రాదని చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? మరి ఆ 18,000 ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పత్తి డబ్బులోంచే కదా!

ఫౌండేషన్ కోర్సు పేరుతో వారు చెప్పేదంతా ఇంటర్ సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) వారి కామర్స్ పాఠ్యపుస్తకాల్లో ఉంది. తెలుగు అకాడమీ వాటిని తెలుగులోనే అచ్చువేసింది. జర్నల్ నుంచి ట్రయల్ బ్యాలెన్స్ దాకా రోజుకు రెండు గంటలు కూర్చుని చేస్తే నెలరోజులు చాలు. డబ్బు కట్టించుకునే ముందు ఈ ఒక్క సంగతి చెప్పి ఉంటే నేను ఇంత రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

మిత్రుడి కూతురిది బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం). నిన్న సాయంత్రం ఆ కామర్స్ పుస్తకం, గీతల నోటుబుక్కు ఇచ్చి పంపాను. కౌన్సెలింగ్ లోపు ట్రయల్ బ్యాలెన్స్ దాకా సొంతంగా చేయమని, లెక్క తేలని పేజీ ఉంటే చింపకుండా అలాగే నా దగ్గరికి తీసుకురమ్మని చెప్పాను.