సీవీటీ కారుకు గేర్ ఆయిల్ మార్చాలా, ముట్టుకోకూడదా?

(తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు. బ్యాంకు ఉద్యోగి ఈశ్వర్ కారు 60,000 కిలోమీటర్లు దాటింది. అందులో ఉన్నది సీవీటీ, అంటే గేర్లు మెట్లు మెట్లుగా మారకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని ఆయిల్ ఒక్కసారి కూడా మారలేదు. మార్చక తప్పదంటాడు మెకానిక్ మునిరత్నం. వద్దంటాడు ఈశ్వర్.)

ఈశ్వర్: అన్నా, గేర్‌బాక్స్ జోలికి మాత్రం పోవద్దు. బండి ఉన్నన్నాళ్లూ ఆ ఆయిల్ మార్చే పనే లేదని కొన్నరోజే చెప్పినారు. దానికి ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, కూడా లేదు. చూడాల్సిన అవసరమే ఉంటే కంపెనీవాళ్లు పెట్టరా?

మునిరత్నం: అమ్మేటప్పుడు నోటితో చెప్పింది వదిలెయ్ తమ్ముడూ. బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూడు. చాలా కంపెనీలు కొండ రోడ్లు, విపరీతమైన ఎండ, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ ఉన్నచోట సర్వీసు ముందే చేయించమని రాస్తాయి. ఊర్నుంచి చుట్టాలు దిగినప్పుడల్లా నువ్వు తిరుమల కొండకు తీసుకుపోతావు. వీటిలో నీకు లేనిది ఏది?

ఈశ్వర్: నేను మెల్లగానే పోతా. ఘాట్‌లో తొందరగా పోతే ఫైన్ వేస్తారు కూడా.

మునిరత్నం: స్పీడు సంగతి కాదు, వేడి సంగతి. లోపల గేర్లకు బదులు రెండు పుల్లీలు, మధ్యలో వందల ఉక్కు రేకులు గుచ్చిన బెల్టు. పుల్లీలు దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటేనే బండి కదులుతుంది. ఆ నొక్కుడుకు ఒత్తిడి ఇచ్చేది ఆయిలే. బెల్టు జారకుండా చూసేదీ, అరగకుండా కాపాడేదీ అదే. 1974లో తెరిచిన, కొండ ఎక్కే ఘాట్ రోడ్డులో ఐదుగురిని, లగేజీని వేసుకుని, ఏసీ పెట్టుకుని, మే నెలలో బస్సు వెనకాల మలుపు మలుపుకూ ఆగుతూ ఎక్కితే ఆ ఆయిల్ ఎంత కాగుతుందో చూడు. కాగిన కొద్దీ దాని గుణం పోతుంది. నీలాంటి వాడకానికి 40,000కు ఒకసారి మార్చాలంటాను నేను.

ఈశ్వర్: మా ఆవిడ యాక్టివాలోనూ సీవీటీనే కదా! దానికి మార్చమని ఎప్పుడూ అనలేదే?

మునిరత్నం: అది రబ్బరు బెల్టు, పొడిగా తిరుగుతుంది. ఆయిల్ తగిలితేనే జారేది. వెనక చక్రం దగ్గర గేర్లకుండే ఆయిల్ వేరు. హాలండ్‌లో డాఫ్ కంపెనీ 1958లో కారుకు పెట్టిందీ రబ్బరు బెల్టే. అరిగితే బెల్టు మార్చుకుంటే సరి. నీ కారులో ఉక్కు బెల్టు జారి పుల్లీ మీద గాట్లు పడితే గేర్‌బాక్సే దింపాలి. బిల్లు చూస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఈశ్వర్: మార్చినాక పాడైనవి లేవా? మా బ్రాంచిలో ఒకాయన ఎక్కడో చవగ్గా మార్పించినాడు. వారం తిరక్కముందే కదిలేటప్పుడు బండి వణికింది. చూస్తే మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోసినారు. ఆయన ముట్టుకోకుండా ఉంటే బాగుండేది కదా?

మునిరత్నం: ఆ మాట ఒప్పుకుంటా. తప్పు ఆయిల్ కంటే పాత ఆయిలే నయం. సీవీటీ ఆయిళ్లన్నీ కూడా ఒకటి కాదు. హోండా హెచ్‌సీఎఫ్-2 అంటుంది, నిస్సాన్ ఎన్‌ఎస్-3 అంటుంది. పుస్తకంలో ఏ పేరుంటే అదే.

ఈశ్వర్: మెషీన్ పెట్టి లోపలంతా కడుగుతామంటారు కొందరు.

మునిరత్నం: ఆ జోలికి పోవద్దు. డ్రెయిన్ బోల్టు తీసి, దిగినంత దించి, అంతే కొత్తది పొయ్యాలి. బోల్టుకు కొత్త వాషరు వెయ్యాలి. పాతది కొంత లోపలే మిగులుతుంది, మిగలనీ. డిప్‌స్టిక్ లేని బండ్లలో ఆయిల్ పుస్తకంలో చెప్పిన వేడికి వచ్చినాక, ఇంజన్ ఆన్‌లో ఉండగా లెవెల్ బోల్టు దగ్గర చూడాలి. ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది.

ఈశ్వర్: ఆ వేడి చూసే స్కానర్ నీ దగ్గరుందా?

మునిరత్నం: ఇంజన్‌కు ఉంది. దీనికి లేదు.

(ఇక్కడ ఈశ్వర్‌దే పైచేయి. లేదని ఒప్పుకునే మెకానిక్ దొరకడం కూడా అరుదే.)

ఈశ్వర్: మరింకేం, వద్దన్న నా మాటే నిలబడింది!

మునిరత్నం: ఇక్కడ వద్దన్నది నిలబడింది. అసలే వద్దన్నది కాదు. షోరూముకు తీసుకుపో. జాబ్ కార్డులో ఆయిల్ పేరు రాయించు, ఆయిల్ డబ్బా సీలు నీ ముందే తీయమను. గేర్‌బాక్స్ అడుగునుండే ఆయిల్ పాన్ విప్పితే అందులోని అయస్కాంతం చూడు. బూడిదలాంటి సన్న పొడి మామూలే. మెరిసే ముక్కలుంటే భయపడాలి.

ఈశ్వర్: ఎత్తు మీద ఇంజన్ అరుస్తుంది, బండి నిదానంగా లేస్తుంది. అది జారడమేనా?

మునిరత్నం: కాస్త అరవడం సీవీటీ స్వభావం. ఎంత తొక్కినా ఇంజన్ అరుపే తప్ప స్పీడు పెరక్కపోతే మాత్రం జారుతున్నట్టే. కొత్త ఆయిల్ పోసినా ఆ గాట్లు పూడవు. ఇంకోటి, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేకు తొక్కు. దిగేటప్పుడు గేర్ లివర్‌ను ఎల్‌లో గానీ ఎస్‌లో గానీ వెయ్. మధ్యలో ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. ఇంజన్ తిరక్కపోతే లోపల పంపు పనిచేయదు, చక్రాలతో బెల్టు ఆయిల్ లేకుండా తిరుగుతుంది. లారీ మీదే ఎక్కించాలి.

ఈశ్వర్: సరే, శనివారం షోరూముకే పోతా. బోల్టు తీసేటప్పుడు పక్కన నిలబడతానంటే రానిస్తారా?

మునిరత్నం: రానియ్యకుంటే బండి వెనక్కి తిప్పుకో.