గన్నేరు కేకు కథతో ఎవరికి లాభం?

అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ అనే చిన్న ఊళ్లో మర్టిల్స్ ప్లాంటేషన్ ఉంది. 1796లో కట్టిన బంగ్లా. దెయ్యాల కొంపల లిస్టు ఎవరు రాసినా అందులో దీని పేరు ఉండాల్సిందే. అక్కడ చెప్పే కథ ఇది. క్లోయీ అనే బానిస అమ్మాయి చాటుగా మాటలు వింటూ యజమానికి దొరికిపోయింది. అతను ఆమె చెవి కోయించాడు. అది కనపడకుండా ఆమె ఆకుపచ్చ తలపాగా చుట్టుకునేది. మళ్లీ ఇంట్లో మంచి అనిపించుకోవడానికి ఒక ఉపాయం పన్నింది. పిల్లలకు కాస్త జబ్బు చేయించి, తనే నయం చేద్దామని పుట్టినరోజు కేకులో గన్నేరాకు రసం కలిపింది. మోతాదు మించి యజమాని భార్య, ఇద్దరు కూతుళ్లు చనిపోయారు. తోటి బానిసలే క్లోయీని ఉరితీసి మిసిసిపీలో పడేశారట.

రికార్డులు చెప్పేది వేరు. యజమాని భార్య సారా ఉడ్రఫ్ 1823లో ఎల్లో ఫీవర్‌తో పోయింది. మరుసటి ఏడాది పోయిన పిల్లలు ఒక కొడుకు, ఒక కూతురు. ఇంకో కూతురు బతికి పెద్దదయింది. క్లోయీ అనే మనిషి అక్కడ ఉన్నట్టు కాగితమే లేదు. ఆ ఇంట్లో రుజువున్న హత్య ఒక్కటే: 1871లో అక్కడ కాపురమున్న లాయరు విలియం వింటర్‌ను వరండాలో కాల్చి చంపారు.

దెయ్యం కథకు సాక్ష్యం అడగడం ఏమిటి, సరదాకి చెప్పుకుంటారు అనొచ్చు. నా అభ్యంతరం అబద్ధం గురించి కాదు. ఈ కథలో నేరం ఎవరి మీదికి నెట్టారో చూడండి. విషం పెట్టింది బానిస. ఉరేసిందీ బానిసలే. చెవి కోయించిన పెద్దమనిషి మాత్రం భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న పాపం మనిషిగా మిగిలాడు. 1860 జనాభా లెక్కల్లో లూసియానా జనంలో దాదాపు సగం మంది బానిసలు. వాళ్లను కొని, అమ్మి, కొరడాతో పని చేయించిన ఇంట్లో భయపెట్టాల్సింది తలపాగా ఆడమనిషేనా?

ఈ భయం టూరిజం వాళ్లు పుట్టించింది కాదు. బానిసకు ఆకు, వేరు తెలుసన్న సంగతి దొరలకు మొదటి నుంచీ టెన్షనే. వర్జీనియా 1748లో చట్టం చేసింది. యజమాని అనుమతి లేకుండా బానిస ఎవరికైనా మందిస్తే మరణశిక్ష. సౌత్ కరోలినాలో వ్యవహారం ఇంకా విచిత్రం. సీజర్ అనే బానిసకు విషానికి విరుగుడు తెలుసని అక్కడి అసెంబ్లీకి తెలిసింది. 1750లో సర్కారు సొమ్ముతో అతనికి విడుదల కొనిపెట్టారు, ఏడాదికి 100 పౌండ్లు భత్యం ఇచ్చారు, మందు తయారీ పత్రికలో అచ్చేశారు. మరుసటి ఏడాదే, 1751లో అదే అసెంబ్లీ, మూలికల విషాల గురించి బానిసలు ఒకరికొకరు నేర్పుకోవడం నేరమని చట్టం తెచ్చింది. దొరకు పనికొస్తే వైద్యం, బానిస దగ్గరే ఉంటే చేతబడి. మన దగ్గరా పాత మెదక్ జిల్లాలో బాణామతి పేరుతో పళ్లు ఊడగొట్టించుకున్నవాళ్లెవరో గుర్తు తెచ్చుకుంటే ఈ లెక్క కొత్తగా ఏమీ అనిపించదు.

సరే, ఆ ఇళ్లలో బానిసలు నిజంగా దాచినవి ఏమిటి? 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన చార్లెస్ క్యారల్‌కు మేరీలాండ్ రాష్ట్రంలోని అనాపొలిస్‌లో ఇల్లుండేది. వందల మంది బానిసలున్న మహా ధనవంతుడు. 1991లో పురావస్తు శాఖ విద్యార్థులు, పరిశోధకులు ఆ ఇంటి కింది గదిలో, ఈశాన్య మూల తవ్వారు. స్ఫటికపు రాళ్లు, చిల్లులున్న బిళ్లలు, వాటి మీద నక్షత్రంలా గీతలు కలిసిన గుర్తున్న గిన్నె. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతం నుంచి వచ్చిన ఆచారానికి ఇవి దగ్గరగా ఉన్నాయని పరిశోధకుల మాట. మనం గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టినట్టే, అవి ఒకరికి కీడు చేయడానికి కాదు, తమకు కీడు రాకుండా చూసుకోవడానికి. టెక్సాస్‌లో బ్రజోరియా కౌంటీలోని లివై జోర్డన్ తోటలో కూలీల గుడిసెల చోట 1986 నుంచి తవ్వకాలు జరిగాయి. ఒక గది నేల కింద మేకులు, బొమ్మ ముక్కలు, సుద్ద, ఇనప పెనాల అడుగులు దొరికాయి. నాటువైద్యం, తాయెత్తులు చూసే మనిషి ఇల్లని పరిశోధకులు అన్నారు. ఈ విద్యనే అక్కడ హూడూ అంటారు.

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఆ తోట కారులో గంట దూరమే. షుగర్‌ల్యాండ్‌లో తెలుగు ఇళ్లకూ, అష్టలక్ష్మి గుడికీ లోటు లేదు. ఆ ఊరి పేరులోని చక్కెర ఎక్కడిదో 2018లో స్కూలు కట్టడానికి పునాదులు తీస్తుంటే బయటపడింది: 95 మంది అస్థిపంజరాలు. బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లను ఖైదీలుగా పట్టి చెరకు తోటలకు అద్దెకిచ్చేవారు. వాళ్ల శవాలవి. దెయ్యాల టూర్ కోసం లూసియానా దాకా వెళ్లనక్కర్లేదు.

తాయెత్తు పనిచేసిందా అని అడిగేవాళ్లకు, బానిసత్వం నుంచి పారిపోయి తర్వాత దాని మీద రాసి పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అనుభవం చెప్పాలి. 1834లో మేరీలాండ్‌లో అతనికి పదహారేళ్లు. మొండి బానిసల్ని లొంగదీస్తాడని పేరున్న ఎడ్వర్డ్ కోవీ దగ్గర పని. దెబ్బలకు తాళలేక పారిపోయి అడవిలో తిరుగుతుంటే శాండీ జెంకిన్స్ అనే తోటి బానిస ఒక వేరిచ్చాడు. ఎప్పుడూ కుడివైపు పెట్టుకుంటే ఏ తెల్లవాడూ కొట్టలేడన్నాడు. డగ్లస్‌కు నమ్మకం లేదు, శాండీ మాట తీసెయ్యలేక పెట్టుకున్నాడు. ఆదివారం తిరిగొస్తే చర్చికి వెళ్తున్న కోవీ నెమ్మదిగా పలకరించాడు. ఇదేదో వేరు మహిమే అని సగం నమ్మబుద్ధేసిందని డగ్లస్ రాసుకున్నాడు. సోమవారం తెల్లారకముందే, పశువుల కొట్టంలో అటక దిగుతున్న అతని కాళ్లకు కోవీ తాడు వేయబోయాడు. ఈసారి డగ్లస్ తిరగబడ్డాడు. దాదాపు రెండు గంటలు కలబడ్డారు. అక్కడున్న మిగతా నాలుగైదు నెలలూ కోవీ అతని మీద చెయ్యి వెయ్యలేదు.

తెల్లవాడి మీద చెయ్యెత్తినందుకు కోవీ అతన్ని పట్టిచ్చి కొరడా దెబ్బలు కొట్టించొచ్చు. ఆ పని చేయలేదు. పదహారేళ్ల కుర్రాడి చేతిలో తిన్నాడని తెలిస్తే తన దగ్గరికి బానిసల్ని ఎవరూ పంపరు. అందుకే ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదని డగ్లస్ అంచనా.