హిట్లు, అరుదైన పాటలు, కొత్త రికార్డింగులు: అన్నీ తమరే అయిన ఆల్బమ్ గారికి

మహారాజశ్రీ సంకలన ఆల్బమ్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. రాత్రి పన్నెండు గంటలకు తమరు విడుదలయ్యారు. హెడ్‌ఫోన్స్ నిండా ఛార్జింగ్ పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పడేసి, ఇంట్లోవాళ్లంతా నిద్రపోయాక తమరి దర్శనం చేసుకున్నాను. ఆ దర్శన ఫలమే ఈ ఉత్తరం.

ముందు చిల్లర లెక్కలు తేల్చేద్దాం. అరుదైనవంటూ తమరు వడ్డించిన వాటిలో సగం, అభిమానులు ఎప్పుడో క్యాసెట్లలో ఎక్కించుకుని పంచుకున్నవే. మిగతా సగం వింటే ఒకటి తెలిసింది: ఆనాడు వాటిని పక్కన పెట్టినవాళ్ల చెవులు భేషుగ్గా పనిచేశాయి. రీమాస్టర్ చేశామన్నారు, అంటే పాత రికార్డింగుల శబ్దానికి మెరుగులు దిద్దారట, సంతోషం. గుసగుసా కేకా ఇప్పుడు ఒకే ఎత్తులో వినిపిస్తున్నాయి. అట్ట మీద బొమ్మలో, గొడవపడి వెళ్లిపోయిన గిటారిస్టుని కత్తిరించేశారు గానీ ఆయన మోచెయ్యి మర్చిపోయారు. ఇవన్నీ క్షమించాను. హిట్ల సంకలనం కొనేవాడికి ఆ మాత్రం ఓర్పు లేకపోతే ఎలా?

ఇక అసలు సంగతి. ఆ పాట. పేరెందుకు, తమరికీ తెలుసు, నాకూ తెలుసు. రెండో చరణం చివర పైస్థాయికి వెళ్లబోయి గాయకుడి గొంతు చీలుతుంది. చీలాక, ఎవరూ ఆపమనలేదు కాబట్టి, అలాగే పాడేసి వెళ్లిపోతాడు. మేమంతా ఆ పాట మొదలుపెట్టేదే ఆ చోటు కోసం. కచేరీల్లో జనం ఆ చీలికతో సహా పాడతారు.

రాత్రి మొదటి లైన్‌కే ఏదో తేడా కొట్టింది. డ్రమ్స్ అవే, గిటార్ అదే. శ్రుతి మాత్రం కాస్త కిందికి దిగింది. సరే, నిద్రమత్తేమో అనుకున్నాను. ఆ చోటు వచ్చింది. గొంతు ఎక్కడా తడబడకుండా, క్షేమంగా, పెద్దమనిషిలా దాటిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ దాటిపోయింది. అప్పుడు లైట్ వేసి, వివరాల పేజీ అడుగుదాకా వెళ్లి, చీమతలకాయంత అక్షరాల్లో చదివాను. ఆ హిట్టే ఆ కొత్త రికార్డింగట!

కొత్త రికార్డింగులంటే కొత్త పాటలనుకుని కూర్చున్నాం కదండీ మేమంతా. కొత్త సీసాలో పాత సారా మాకు అలవాటే. తమరు పాత సీసాలోనే కొత్త సారా పోసి, మూత బిగించి, పాత లేబుల్ అంటించారు.

కారణం తెలియక కాదు. పాట రాసిన హక్కు ఒకరిది, రికార్డింగ్ హక్కు మరొకరిది. పాత మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగులు, పాత రికార్డు కంపెనీ దగ్గర ఉండిపోతే, సొంత పాటే అయినా మళ్లీ పాడుకోవాలి. ఇది నిన్నమొన్నటి ముచ్చటా కాదు. అమెరికా గాయక సోదరులు ఎవర్లీ బ్రదర్స్ 1960లో కంపెనీ మారాక, 1964లో తమ పాత హిట్లనే మళ్లీ పాడి సంకలనం వేశారు. ఇంగ్లండ్ రాక్ బృందం డెఫ్ లెపర్డ్ వాళ్లు 2012లో కంపెనీతో డిజిటల్ హక్కుల పేచీ తెగక, పాత హిట్లని మళ్లీ రికార్డు చేసుకున్నారు. కంపెనీ మెడలు వంచడానికి పాడారంటే నేనే ముందు చప్పట్లు కొడతాను. కానీ 2021 నుంచి అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ చేసిన పని చూశారా? మళ్లీ పాడిన ప్రతి ఆల్బమ్ పేరులోనే ఇది నా వెర్షన్ అని రాసుకుంది. ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు పాతదే వింటాడు. ఎవరి చెవిలోనూ పువ్వు పెట్టలేదు.

నీకేం రోగం? అవును, నువ్వే. ఇక గారూ తమరూ నావల్ల కాదు. అట్ట మీద ఒక్క ముక్క రాస్తే సిరా అయిపోతుందా? పాతికేళ్లు పాతబడిన గొంతుని దాచిపెట్టి, ఇదే అదని అమ్ముతావా? మీ పూర్వీకుల్ని చూడు. ఈగల్స్ అనే అమెరికా రాక్ బృందం హిట్ల సంకలనంలో ఒక్క కొత్త పాట లేదు, ఒక్క అరుదైన ముక్క లేదు. ఉన్నవే వరసగా పేర్చి 1976లో అమెరికాలో భారీ అమ్మకాలకిచ్చే ప్లాటినమ్ గుర్తింపు మొట్టమొదట కొట్టేసింది. నీకు హిట్లూ కావాలి, అరుదైనవీ కావాలి, కొత్తవీ కావాలి. మూడు పేర్లు పెట్టుకుని ఒక్కదానికీ నిలబడలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. చివర్లో, ఎవరూ వినరన్నట్టు పడేశావే, ఆ పాటే ఇంకా సగం రాసి ఉన్నప్పటి డెమో. మాటలు లేని చోట లాలలా అంటూ లాగించాడు. వెనకాల ఎవరిదో దగ్గు. ఆ చోటుకి వచ్చేసరికి గొంతు అప్పుడూ చీలింది. ఎవడో పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆ మోచెయ్యి గలాయనదే అని నా అనుమానం.

దాన్ని మాత్రం దాచుకున్నాను. నీ మిగతా పాటలన్నీ తీసేశాను. ఆరు నెలల్లో డీలక్స్ ఎడిషన్ అంటూ మళ్లీ వస్తావని తెలుసు. వచ్చేటప్పుడు ప్రతి పాట పక్కనా ఏ ఏడు పాడారో కళ్లజోడు లేకుండా కనబడేలా రాసుకుని రా.

ఇట్లు,
అర్ధరాత్రి లైట్ వేసినందుకు ఇంట్లో తిట్లు తిన్న
నీ కొనుగోలుదారు