చింతగింజల జిగురు మీద అమ్మమ్మ ముఖం
గుడ్డ మీద బొమ్మలు వేసే ఒడిశా పటచిత్రం పద్ధతి దేవుళ్ల బొమ్మలకే పనికొస్తుంది, బతికున్న మనిషి పోలిక అందులో రాదు అని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. ఒకప్పుడు పటచిత్రం వేసే గుడ్డలాంటి దానితోనే మా ఊళ్లో గుండ్రటి గంజపా పేకలు చేసేవారు. రెండేళ్ల కిందట మా వీధి కుర్రాడొకడు 82 ఏళ్ల మా అమ్మమ్మను ఆ పద్ధతిలోనే వేశాడు. ఆవిడ పాత నూలు చీరే అడిగి తీసుకెళ్లి, రెండు పొరలు చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఆరాక నున్నటి రాయితో మెరుపు తేలేదాకా రుద్దాడు. తెలుపుకి శంఖం పొడి, ఎరుపుకి ఇంగిలీకం అనే ఖనిజం, నలుపుకి దీపం మసి, అన్నిటిలోనూ వెలగ జిగురు. పసుపుకి హరిదళం అనే ఇంకో ఖనిజం, అది విషం, నూరేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకునేవాడు. వెలుగునీడలు పులమడం ఇందులో ఉండదు, అంతా గీతే. నిజమే. కానీ ఏళ్ల తరబడి బేసరి బరువుకి అమ్మమ్మ ముక్కు ఓ పక్కకి కాస్త సాగి ఉంటుంది. ఆ ఒంపుని ఒక్క గీతలో పట్టేశాడు. మా పెద్దమామయ్య గుమ్మంలోంచే చూసి "అమ్మే!" అన్నాడు. ఏ స్టూడియో ఫొటోలోనూ ఆ ముక్కు అలా కనబడలేదు మాకు.