ఫోరియర్ శ్రేణి గారూ, మా ఫ్యానులో మీకేం పని?

అయ్యా,

నల్గొండ నుంచి రాస్తున్నాను. మే నెల, చెమట కాగితం మీద పడుతోంది. అక్షరాలు అలుక్కుపోతే మీరే సర్దుకోవాలి, ఎందుకంటే మీరు పుట్టిందే వేడి లెక్కలోంచి. ఈజిప్టు ఎండలు చూసొచ్చిన జోసెఫ్ ఫోరియర్ 1807లో మిమ్మల్ని పారిస్ పండితుల ముందు నిలబెట్టాడు. ఎంత వంకర గీతనైనా సైన్లు, కొసైన్లు కలిపి కట్టేయొచ్చంటే పెద్ద గణిత పండితుడు లగ్రాంజ్ ఒప్పుకోలేదు. అంతటాయనకే నమ్మకం కుదరలేదు, నాకు కుదరలేదని మాత్రం ఇంటర్నల్లో ఇరవైకి నాలుగేశారు.

సెమిస్టర్ మొత్తంలో మనకున్న పరిచయం ఏ-నాట్, ఏ-ఎన్, బీ-ఎన్, అంటే ఏ అల ఎంత కలపాలో చెప్పే అంకెలు. మైనస్ π నుంచి π దాకా ఇంటిగ్రేట్ చెయ్యి, బేసి ప్రమేయమైతే ఏ-ఎన్ సున్నా అని రాసి ఒక మార్కు పట్టు. అంతే.

మీ గుణాల్లో ఒక్కటి మాత్రం చూడగానే అర్థమైంది. గీత ఒక్కసారిగా దూకే చోట, ఆ దూకుడులో దాదాపు 9 శాతం మీరు అటు దాటిపోతారు. వెయ్యి సైన్ పదాలు కలిపినా ఆ ఎగురుడు తగ్గదు, అంచుకి ఇంకాస్త దగ్గరగా జరుగుతుంది. మా ఊరి బస్సూ అంతే, ఎప్పుడూ స్టాపు దాటాకే ఆగుతుంది. సంచులు పట్టుకుని మేమే ఉరకాలి.

ఇక అసలు ఫిర్యాదు. మొన్న బాపు చవగ్గా వస్తోందని ఒక ఇన్వర్టర్ తెచ్చాడు. కరెంటు పోగానే ఫ్యాను గుయ్యిమని మొదలుపెట్టింది. "ఏందిర, ఫ్యాన్ల తేనెటీగలు జొచ్చినయా?" అంది అమ్మ. షాపాయన్ని అడిగితే "అది స్క్వేర్ వేవ్ తమ్మీ" అన్నాడు. అంటే మెట్టులా పైకీ కిందికీ దూకే అల. అప్పుడు వెలిగింది! 50 హెర్ట్జ్ అల వెనకాల 150 మూడో వంతు బలంతో, 250 అయిదో వంతుతో, 350 ఏడో వంతుతో, బేసి చుట్టాలంతా వరసగా మా ఇంట్లో దిగారు. క్లాసులో దొరకని మీరు రాత్రి పదకొండింటికి నా నెత్తి మీద తిరుగుతున్నారు. చాప మీద పడుకుని మొదటిసారి మిమ్మల్ని విన్నాను.

బాపుకి బొమ్మ గీసి చెప్పాను. ప్యూర్ సైన్ వేవ్‌దైతే మొదటి పదం ఒక్కటే ఉంటుంది, మోత రాదు, కాకపోతే రేటు ఎక్కువ అన్నాను. కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"మిగిలినయన్ని తీసేసి ఒక్కటే ఇచ్చెటోడు రేటు తగ్గియ్యాలె గద బిడ్డా, పెంచుడేంది?"

జవాబు తొందరగా పంపండి. బాపు రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ పేపర్ సప్లీ కట్టినవాడు