అతుకు షాట్లన్నీ దొంగ షాట్లేనా?

"వేరే సినిమాలోని పేలుళ్లు, ఛేజింగులు తెచ్చి అతికించుకోవడం చవకబారు నిర్మాతల పని. పచ్చి దొంగతనం. పైసా ఖర్చుండదు, చూసేవాడికీ తెలియదు." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న ఈ మాటను మొన్న విజయవాడ గాంధీనగర్‌లో, డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల పక్క టీ కొట్టు దగ్గర, నాకూ చూపించారు. రీళ్ల కాలంలో ఈ ఊళ్లోనే ఒక హాల్లో ఆపరేటర్‌గా చేసినవాణ్ని, ఊరుకోబుద్ధి కాలేదు.

చవకబారు వాళ్ల పనా? హాలీవుడ్ సినిమా 'బ్లేడ్ రన్నర్' (1982) చివర్లో ఆకాశం నుంచి తీసిన కొండల దృశ్యాలు ఎక్కడివి? స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' (1980) కోసం తీయించి పక్కన పెట్టిన ఫిల్మును 'బ్లేడ్ రన్నర్' దర్శకుడు రిడ్లీ స్కాట్ అడిగి తెచ్చుకున్నాడు. 'మిడ్‌వే' (1976)లో ఎగిరిన విమానాల్లో కొన్ని 'టోరా! టోరా! టోరా!' (1970)లోవి. వీటిలో బీద సినిమా ఏదో నాకైతే కనబడలేదు.

దొంగతనం మాట. హక్కుదారుకు డబ్బు కట్టి, కాగితం రాయించుకుని తెచ్చుకున్నది దొంగసొత్తు ఎలా అవుతుంది? అడక్కుండా తీస్తే మాత్రం అవును. 1982లో టర్కీలో ఒక సినిమా 'స్టార్ వార్స్' షాట్లను అలాగే వాడేసింది. పాతదే కదా అని చేయి వేయడానికీ లేదు. మన చట్టంలో సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు.

పైసా ఖర్చుండదన్నది మరీ విడ్డూరం. కొన్న షాట్‌లో లోయలో పడేది ఎర్ర జీపయితే మన హీరోకూ అలాంటి జీపే వెతికి తేవాలి. స్టంట్‌మన్ చొక్కా నీలమైతే హీరోకూ నీలమే. అందులో ఎండ కుడివైపు నుంచి పడితే మన క్లోజప్‌లోనూ కుడి నుంచే పడాలి. ఆ జీపు కోసం కథనే కొండదారి పట్టించాలి. ఇంత ఓపిక లేనివాళ్ల సినిమాల్లోనే జీపు ఎర్రగా ఎగిరి తెల్లగా దిగుతుంది.

ఇక చూసేవాడికి తెలియదట! అసలు ఫిల్మయిన నెగటివ్ దొరక్క, హాళ్లలో ఆడించే ప్రింటు నుంచే నకలు తీస్తే గ్రెయిన్, అంటే బొమ్మలోని రవ్వలాంటి చుక్కలు, పెరిగి బొమ్మ మసకబారుతుంది. ఒక రాత్రి సెకండ్ షోలో అలాంటి హెలికాప్టర్ ఒకటి తెర మీదకు రాగానే హాలంతా "ఫోకస్" అని అరిచింది. కంగారుగా లెన్సు తిప్పాను. హెలికాప్టర్ బాగుపడలేదు సరికదా, వెంటనే వచ్చిన హీరో ముఖం అలికేసినట్టయింది. మళ్లీ సరిచేసేలోగా నేల టికెట్టు వాళ్లు మా వంశం మొత్తాన్నీ తలుచుకున్నారు. మేనేజరు ఆయాసపడుతూ పైకొచ్చి ఏమైందని అడిగాడు.

"ఆ హెలికాప్టర్ ఈ సినిమాది కాదండీ" అన్నాను.